రేషన్ కార్డులో లేని ఇల్లు

మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి పక్కన మెట్ట ఊరు. వానలు పడితే కంది, మినుము. పడకపోతే ఇళ్లు కట్టే బేల్దారి పని. వయసులో ఉన్న మగవాళ్లు చాలామంది బెంగళూరు, చెన్నై, హైదరాబాదు సైట్లలోనే ఉంటారు. సంక్రాంతికి వస్తారు, ఎలక్షన్లకు వస్తారు, ఎవరైనా పోతే వస్తారు. నేను ఈ ఊరి ఆశా కార్యకర్తని. నా రిజిస్టర్లు తిరగేస్తే కనిపించేవాళ్లు గర్భిణులు, బాలింతలు, పసిపిల్లలు, బీపీ షుగర్ ఉన్న ముసలివాళ్లు. టీబీ మీద మీటింగు పెట్టినప్పుడల్లా "మీ పరిధిలో రెండు వారాలకు మించి దగ్గేవాళ్లను పట్టుకోండి" అని చెప్పేవాళ్లు. పట్టుకోవడానికి వాళ్లు ఊళ్లో ఉంటే కదా అని వెనక బెంచీలో మేం నవ్వుకునేవాళ్లం.

2024 కార్తీక మాసంలో ఒక ఇంటికి వెళ్లాను. వెళ్లింది టీబీ కోసం కాదు. ఆ ఇంటి కూతురు పురిటికి వచ్చి ఉంది, తొమ్మిదో నెల. బీపీ చూపించుకున్నావా, ఐరన్ మాత్రలు వేసుకుంటున్నావా అని అడుగుతుంటే లోపలి నుంచి దగ్గు. ఆగడం లేదు. వాళ్ల నాయన బెంగళూరు నుంచి వచ్చాడంది ఆ పిల్ల. ఆయన నాకు వరసకు మామ అవుతాడు. పెద్ద మేస్త్రీ. చుట్టుపక్కల ఊళ్ల కుర్రాళ్లను అడ్వాన్సులిచ్చి సైట్లకు తీసుకుపోతాడు. బయటికి వచ్చిన మనిషిని చూసి గుర్తు పట్టడానికి ఒక క్షణం పట్టింది. మెడ ఎముకలు బయటికి వచ్చేశాయి.

"ఏంది మామా ఇట్టా అయిపోయినావు?"

"బీడీ దగ్గులేమ్మా. దుమ్ములో పనిచేసేవాడికి దగ్గు రాకుండా ఎట్టుంటది?"

ఆ మాటలో నిజం లేకపోలేదు. టైల్సూ గ్రానైటూ కోసేటప్పుడు లేచే రాతి పొడి ఊపిరితిత్తుల్లో పేరుకుంటుంది, అట్లాంటి ఊపిరితిత్తుల్లో టీబీ తొందరగా పాతుకుంటుంది. కానీ బీడీ దగ్గుకి సాయంత్రం పూట జ్వరం రాదు, రాత్రి చొక్కా తడిసేంత చెమట పట్టదు. రెండూ ఉన్నాయని అత్త చెప్పింది. బెంగళూరులో ఒక క్లినిక్కులో నెమ్ము అని ఇంజెక్షన్లు చేశారట. నాలుగు రోజులు తగ్గి మళ్లీ మొదలైంది. ఇక్కడికొచ్చాక దగ్గు సిరప్పులు.

కళ్లె డబ్బా ఇచ్చి, పొద్దున లేవగానే నోరు పుక్కిలించి, గట్టిగా ఊపిరి పీల్చి లోపలి నుంచి దగ్గి తీయమన్నాను. పెరట్లో, మనుషులకు దూరంగా. మొదటిరోజు ఉమ్ము ఊసి ఇచ్చాడు. నీళ్లలాగా ఉంది. ల్యాబుకు పంపినా వెనక్కి పంపుతారు. మర్నాడు పక్కనే నిలబడి తీయించాను. ఇది చిన్న పనిలాగే కనిపిస్తుంది కానీ డబ్బాలో సరైన కళ్లె పడకపోతే ఎంత ఖరీదైన యంత్రం ఉన్నా ఉపయోగం లేదు. ఇప్పుడు ట్రూనాట్ అనే యంత్రం మీద చేస్తున్నారు. క్రిమి ఉందో లేదో, ఉంటే దాని మీద టీబీకి ముఖ్యమైన మందు రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో గంటల్లోనే తేలుతుంది. టీబీ ఉంది, మందు పనిచేస్తుంది అని ఫోన్ వచ్చింది. రెండో మాట విని ఊపిరి పీల్చుకున్నాను. అది మొండి టీబీ అయి ఉంటే కథ వేరే.

పీహెచ్‌సీలో షుగర్, హెచ్‌ఐవీ పరీక్షలు కూడా చేశారు. హెచ్‌ఐవీ అనేసరికి మామ లేచి నిలబడ్డాడు. "నన్నేమనుకుంటున్నారు?" అన్నాడు. టీబీ వచ్చిన ప్రతివాళ్లకీ చేస్తామని డాక్టరు గారు నెమ్మదిగా చెప్పాక కూర్చున్నాడు. అది లేదు. షుగర్ మాత్రం ఉంది, ఎన్నాళ్ల నుంచి ఉందో ఎవరికీ తెలియదు. షుగర్ ఉన్నవాళ్లకు టీబీ వచ్చే అవకాశం రెండు మూడు రెట్లు ఎక్కువ. ప్రభుత్వ టీబీ రిజిస్టరు నిక్షయ్‌లో, కంప్యూటర్లో పేరు ఎక్కించి ఐడీ ఇచ్చారు. బరువు 46 కిలోలు. అందుకని రోజుకు మూడు మాత్రలు. ఒక్కో మాత్రలో నాలుగు మందులూ కలిసి ఉంటాయి. రెండు నెలలు అవి, తర్వాత నాలుగు నెలలు మూడు మందులు కలిపినవి.

మర్నాడు తెల్లారకముందే ఫోన్. "మూత్రంలో రక్తం పడతా ఉంది!" ఎర్రగా వస్తుందని, అది రిఫాంపిసిన్ రంగు అని చెప్పే ఇచ్చాం. చెప్పింది వినడం వేరు, కళ్లతో చూడటం వేరు. టెన్షన్ తగ్గేదాకా మాట్లాడాను.

ఇంట్లో అసలు గోల చేసింది మాత్రం అవ్వ. మేస్త్రీ మామ తల్లి. ఆమె చిన్నప్పుడు వాళ్ల పెద్దన్నను మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియానికి, అంటే టీబీ ఆసుపత్రికి, తీసుకుపోయారట, మళ్లీ రాలేదు. కొడుకు కంచం, గ్లాసు, చెంబు పక్కన పెట్టేసింది. మంచం పశువుల కొట్టంలో వేయించింది. 1950ల్లోనే మద్రాసులో పరీక్ష చేసి చూశారు. ఇంట్లో ఉంచి మందులిచ్చినవాళ్లూ, శానిటోరియంలో ఉంచినవాళ్లూ ఇంచుమించు ఒకేలా కోలుకున్నారు, ఇంట్లో ఉంచినందువల్ల మిగతావాళ్లకు ఎక్కువగా అంటుకోనూ లేదు. ఆ ఫలితాలు 1959లో వచ్చాయని మా మీటింగులో చెప్పారు. అవ్వకు ఇదంతా ఏం చెప్తాం? "అవ్వా, ఇది కంచంలో ఉండదు, గాలిలో ఉంటది. ఆ కిటికీలకు అడ్డం పెట్టిన గోతాలు తీయించు ముందు" అన్నాను. గోతాలు తీయించింది. కంచం మాత్రం కలపలేదు. నేనూ పట్టుపట్టలేదు. మందులు మొదలైన కొన్ని వారాలకు అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. ఆ కొన్ని వారాలు మాస్కూ, గాలీ ఉంటే చాలు.

ఇక లిస్టు. టీబీ కేసు తేలగానే ఇంట్లో ఎవరెవరున్నారో రాసి, అందరినీ పరీక్ష చేయించాలి. జబ్బు ఉంటే మందులు, లేకపోతే రాకుండా ముందుజాగ్రత్త మందులు. అత్త రేషన్ కార్డు తెచ్చి ఇచ్చింది. కార్డులో మామ, అత్త, అవ్వ, కొడుకు. కొడుకు నెల్లూరులో హాస్టల్లో ఉండి చదువుతున్నాడు, ఆర్నెల్లుగా ఇంటికి రాలేదు. పురిటికి వచ్చిన కూతురు కార్డులో లేదు, అత్తగారింటి కార్డులో ఉంది.

"ఆ పిల్ల పేరు రాయబాకమ్మా" అంది అత్త, నా చెయ్యి పట్టుకుని. "వాళ్ల అత్తగారికి తెలిస్తే బిడ్డను తీసుకుపోయి, దీన్ని ఇక్కడే వదిలేస్తారు."

నేను ఆ పిల్లను లెక్కలోకి తీసుకోకుండా ఎట్లా ఉంటాను? గర్భిణుల రిజిస్టర్లో ఆమె పేరు రాసింది నేనే. ఇంకొన్నాళ్లలో ఆ ఇంట్లో ఒక పసిగుడ్డు ఉంటుంది. అయిదేళ్ల లోపు పిల్లలకు, అందులోనూ పసికందులకు, టీబీ సోకితే చాలా వేగంగా ముదురుతుంది, మెదడుకు కూడా పాకుతుంది. పేరు రాశాను. ఆ కాగితం ఏఎన్‌ఎం మేడమ్‌కి, టీబీ సూపర్‌వైజర్ సార్‌కి తప్ప ఎవరికీ చూపించనని చెప్పాను. మిగతా దారి నా ఉద్యోగమే చూపించింది. కాన్పు తర్వాత 42 రోజుల దాకా బాలింత ఇంటికి ఆశా పోవడం మామూలే, ఎవరూ ఎందుకొచ్చావని అడగరు. బిడ్డ బరువు చూసే పేరుతోనే తల్లిని దగ్గు, జ్వరం గురించి అడిగాను. బిడ్డను డాక్టరు గారు చూసి జబ్బు లేదని నిర్ధారించుకున్నాక తల్లికీ బిడ్డకూ రోజూ వేసే ముందుజాగ్రత్త మందు ఐసోనియాజిడ్ మొదలుపెట్టారు, ఆరు నెలలు. అత్తగారింట్లో అడిగితే బలానికి మందు అని చెప్పుకుంటామన్నారు. ఆ ఇంట్లో వాళ్లేం చెప్పుకుంటారో వాళ్లిష్టం, మందు మానకుండా ఉంటే చాలనుకున్నాను.

లిస్టు చూసిన సూపర్‌వైజర్ సార్ మామను ఒకటే ప్రశ్న అడిగాడు. "పోయిన మూడు నెలలు రాత్రిళ్లు ఎక్కడ పడుకున్నావు?"

మామ నావైపు చూశాడు. నేను కాగితం వైపు చూశాను. అందులో ఉన్నవాళ్లెవరూ ఆ మూడు నెలల్లో ఎక్కువ రాత్రులు ఆయన దగ్గర పడుకున్నవాళ్లు కాదు. అత్త పక్కన ఆయన ఏడాదిలో ఎన్ని రోజులు ఉంటాడు? మందులు మొదలుపెట్టడానికి ముందు మూడు నెలల్లో ఒక్క రాత్రయినా ఒకే గదిలో ఉన్నవాళ్లంతా ఇంట్లోవాళ్ల కిందే లెక్క అని సార్ చెప్పాడు. రూలు అట్లాగే ఉంది. రేషన్ కార్డు అడగమని ఎక్కడా లేదు, మాకది అలవాటైపోయింది అంతే.

అప్పుడు బయటపడింది షెడ్డు సంగతి. సైటు పక్కన రేకుల షెడ్డు. కిటికీ లేదు. ఒకటే తలుపు, దోమలకని రాత్రి అదీ మూసేస్తారు. లోపల ఆయనతో కలిపి తొమ్మిది మంది. ఎవరెవరంటే మామ నోరు విప్పడు. "వాళ్లకేం లేదులే సార్, గట్టి పిల్లోళ్లు." ఆయన భయం నాకు అర్థమైంది. ఆ ఎనిమిది మంది పేర్లు చెప్పడమంటే ఆయన కూలి ముఠా చెదిరిపోవడమే. మేస్త్రీకి టీబీ అంట, మా పిల్లోడికీ అంటించాడు అని ఒక్క తల్లి అన్నదంటే వచ్చే ఏడు ఆయన వెంట ఎవరూ రారు. కాంట్రాక్టరు ఇచ్చిన అడ్వాన్సు ఆయన మెడకు చుట్టుకుంటుంది.

నా ఉపన్యాసాలకు మామ లొంగలేదు. పేర్లు బయటికి తీసింది అత్త. కుర్రాళ్ల తల్లులు డబ్బులు పడ్డాయా లేదా అని ఫోన్ చేసేది ఆమెకే. ఎవరు ఏ ఊరో, ఎవరికి పెళ్లి సంబంధాలు చూస్తున్నారో అన్నీ తెలుసు. వంట చేస్తూనే నోటికి చెప్పింది, నేను రాసుకున్నాను. మా ఊరివాళ్లు ఇద్దరు. పక్క మండలాలవాళ్లు ముగ్గురు. ఒకడు ముఠా వదిలేసి హైదరాబాదు పోయాడు. ఇద్దరు ఒడిశా కుర్రాళ్లు. చివర్లో గరిటె ఆపి అంది, "ఆ పక్క మండలం పిల్లోడు దసరాకే వచ్చేసినాడు. వాడికీ దగ్గే. వాళ్లమ్మ నాటుమందు పోయిస్తా ఉంది."

ఇక్కడ నుంచి పని ఆశాల మధ్య ఫోన్ల మీద నడిచింది. ఆ ఊళ్ల ఆశాలు నాకు మీటింగుల్లో తెలిసినవాళ్లే. మేం పెట్టుకున్న పద్ధతి ఒకటే. ఫోన్లో టీబీ అనే మాట ఎత్తకూడదు, ఎందుకంటే మా పల్లెల్లో ఫోన్ ఎప్పుడూ స్పీకర్లోనే ఉంటుంది. మేస్త్రీ మామ పేరు ఎవరి దగ్గరా చెప్పకూడదు. దగ్గే కుర్రాడిని మాత్రం పండగ దాకా ఆపడానికి లేదు. వాళ్ల ఊరి ఆశా ఆ వారమే కళ్లె తీయించింది. టీబీ ఉంది. వాడికి పాతికేళ్లు కూడా లేవు. ఇంకో నెల ఆగితే వాడు మళ్లీ అదే షెడ్డుకి పోయేవాడు. మందు వేసుకోని ఒక టీబీ మనిషి ఏడాదిలో పది పదిహేను మందికి అంటించగలడని మాకు చెప్తుంటారు. కిటికీ లేని షెడ్డులో ఆ లెక్క తక్కువేమీ కాదు.

మిగతావాళ్లు సంక్రాంతికి ఊరొచ్చారు. "సైట్లకు పోయేవాళ్లందరికీ ఆరోగ్య పరీక్షలు" అని క్యాంపు పెట్టించాం. ఛాతీ ఎక్స్‌రే, బీపీ, షుగర్. టీబీ క్యాంపు అని పేరు పెడితే ఒక్కడు కూడా రాడు. అందరినీ పిలిస్తే ఎవరి మీదా వేలు పడదు. చేత్తో పట్టుకునే ఎక్స్‌రే యంత్రం తెచ్చారు, పెద్ద కెమెరా అంత ఉంది. కుర్రాళ్లు దాని ముందు ఫొటోకి నిలబడినట్టు నిలబడ్డారు, ఒకడైతే తల కూడా దువ్వుకొచ్చాడు. షెడ్డు వాళ్లలో వచ్చినవాళ్లందరి ఛాతీలూ బాగున్నాయి. బాగున్నాయని చెప్పడం తేలిక. బాగున్నా మందు వేసుకోమని చెప్పడమే కష్టం.

"జబ్బు లేదంటారు, మళ్లీ మందంటారు. ఏందక్కా ఇది?"

వాడి ప్రశ్నలో తప్పేముంది? క్రిమి ఒంట్లో చేరి నిద్రపోతూ ఉండొచ్చు, ఎక్స్‌రేలో కనపడదు. అట్లా చేరినవాళ్లలో నూటికి అయిదు నుంచి పది మందికి ఎప్పుడో ఒకప్పుడు జబ్బుగా బయటపడుతుంది, ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే. అది ఇప్పుడే చంపేస్తే మంచిది. ఈ మాట నేను చెప్పినప్పుడు వాళ్లు తలాడించారు కానీ, పనిలోకి వచ్చింది వారం మందు. ఐసోనియాజిడ్, రిఫాపెంటిన్ కలిపి వారానికొకసారి, మొత్తం 12 వారాలు. రోజూ మాత్ర అంటే సైటులో గుర్తుండదు. వారానికొకటి అంటే గుర్తుండే రోజు ఒకటుంది వాళ్లకి: శనివారం కూలి బట్వాడా. డబ్బులు చేతికొచ్చిన రాత్రి ఏం చేస్తారో నాకు తెలియంది కాదు. ఆ మాత్రలు కాలేయం మీద భారం వేస్తాయి కాబట్టి మందుతో మందు కుదరదు. అందుకని మాత్రల రోజును ఆదివారం పొద్దున అన్నం తిన్నాకకి మార్చాం. శనివారం తాగడం మానమని కూడా చెప్పాం. ఎంతమంది మానారో అడగను.

హైదరాబాదు పోయినవాడు ఫోన్ ఎత్తాడు, అక్కడే ఎక్స్‌రే తీయించుకుని వాట్సాప్‌లో పంపాడు. ఒడిశా కుర్రాళ్ల నంబర్లు మామ దగ్గర ఉన్నవి పనిచేయలేదు. వివరాలు సార్ బెంగళూరు వాళ్లకు పంపాడు. వాళ్లు దొరికారన్న కబురు నాకు రాలేదు.

డబ్బుల సంగతి కూడా చెప్పాలి. టీబీ మందులు వాడేవాళ్లకు తిండికని నెలకు 500 ఇచ్చేవాళ్లు, 2024 నవంబరు నుంచి 1000 చేశారు. బ్యాంకు ఖాతాలోకి వస్తాయి, మొదట ఒకేసారి మూడు వేలు. మామ ఖాతా వాడక ఆగిపోయి ఉంది. బ్యాంకుకి వెళ్తే ఆధార్‌లో వేలిముద్ర పడలేదు. సిమెంటు పని చేసేవాళ్ల వేళ్ల మీద గీతలు ఎక్కడ మిగులుతాయి? రేపు రా, ఎల్లుండి రా అని తిప్పారు. జబ్బు మనిషికి ఆటో చార్జీలే ఆ తిండి డబ్బులంత అయ్యేట్టున్నాయి. చివరకు కంటిపాపతో సరిచేశారు. ఆ మూడు వేలు పడ్డాక గుడ్లు, పల్లీలు, పాలు ఇంట్లో కనిపించాయి. అవ్వ తనకని దాచుకున్న నెయ్యి కూడా కొడుక్కే పెట్టింది, వేరే కంచంలోనే అనుకోండి.

రెండు నెలలకి మామ బరువు పెరిగాడు, దగ్గు పోయింది, జ్వరం లేదు. నాకు భయం మొదలయ్యేది అప్పుడే. జబ్బు తగ్గినట్టు అనిపించగానే మందు మానేసేవాళ్లే ఎక్కువ. కనుమ వెళ్లగానే బెంగళూరు బయల్దేరతానన్నాడు. వద్దని ఎట్లా అంటాను? అడ్వాన్సు తిన్నాడు, కూతురి పురుడు ఖర్చు ఉంది. రెండు నెలల కళ్లె పరీక్ష చేయించుకోకుండా మాత్రం బస్సెక్కనివ్వనన్నాను. క్రిమి లేదని వచ్చింది. నిక్షయ్ ఐడీ ఉంటే దేశంలో ఏ టీబీ యూనిట్‌లోనైనా మందులు తీసుకోవచ్చు, పేరు అక్కడికి మార్పించాలి అంతే. సైటు వైట్‌ఫీల్డ్ దగ్గరంటే అక్కడికే రాయించి, ఒక నెల మందులు చేతికిచ్చి పంపాం.

వారం తిరక్కుండా కాంట్రాక్టరు వాళ్లను ఎలక్ట్రానిక్ సిటీ వైపు మార్చేశాడు. మేం రాయించిన ఆసుపత్రి ఊరికి ఆ చివర, ఈయన ఈ చివర. నెల దగ్గర పడేసరికి ఫోన్ స్విచాఫ్. అత్తకూ దొరకలేదు. నాకు నిద్ర పట్టలేదు. అక్కడి టీబీ వాళ్లు మా సార్‌కి ఫోన్ చేసి మీ పేషెంట్ రాలేదని చెప్తున్నారు, సార్ నాకు చేస్తున్నాడు, నేను అత్తకు చేస్తున్నాను. దొరకబట్టింది ఆదివారం మాత్రల కుర్రాడు. వాడికి నేను వారం వారం మాత్ర వేసుకున్నావా అని ఫోన్ చేస్తాను. ఆ రోజు చేస్తే, "మేస్త్రీ ఇక్కడే ఉన్నాడక్కా, ఫోన్ నీళ్లలో పడింది" అని ఆయనకే ఇచ్చాడు. నాలుగు రోజుల మందు తప్పింది. దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి పేరు మార్పించి, ఆ కుర్రాడినే తోడిచ్చి పంపాం. ఆ తర్వాత తప్పలేదు.

కేసు పూర్తయితే మందులు వేయించినవాళ్లకు వెయ్యి రూపాయలిస్తారు. ఈ కేసులో నా ఫోన్ రీచార్జులు ఎంతయ్యాయో లెక్క వేయలేదు, వేస్తే బాధ పడాల్సి వస్తుంది. ఆ వెయ్యి కూడా చాలా ఆలస్యంగా వచ్చింది.

ఎండాకాలంలో మామ చివరి కళ్లె పరీక్షకి వచ్చాడు. క్రిమి లేదు. ఇక మీదట రెండేళ్ల పాటు ఆరు నెలలకొకసారి చూడాలి. పక్క మండలం కుర్రాడి మందులూ అయిపోయాయి, పెళ్లి కూడా కుదిరింది. ఆ సంగతి చెప్పడానికి వాళ్ల ఊరి ఆశా ఫోన్ చేసినప్పుడు ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. మనవడు పాకుతున్నాడు, ఆరు నెలల మందూ పూర్తి చేశాడు. షెడ్డుకి కిటికీ పెట్టించమని మామకు చెప్పి పంపాను. కాంట్రాక్టరు పెట్టించలేదట. తలుపుకి పైన రెండు రేకులు ఊడదీసి దోమల వల కట్టుకున్నారు.

ఇప్పుడు కేసు తేలితే నేను కార్డు అడగడం మానేశాను. ఏ సైటు, ఎవరి ముఠా, షెడ్డులో ఎవరెవరు, ఎప్పటి నుంచి, ఇవి ముందు అడుగుతాను. అడిగేది కూడా ఆడవాళ్లను. వింజమూరు వైపు ఆశా ఒకామె మొన్న ఫోన్ చేసింది. ఆమె కేసు చెన్నైలో ఉండొచ్చిన మనిషిది. ఆ షెడ్డు లిస్టులో మా ఊరి అబ్బాయి పేరు ఒకటి ఉందట. వాడు ఇంకా చెన్నైలోనే ఉన్నాడు. వాళ్లమ్మ పొద్దున పూట ఉపాధి పనికి పోతుంది, మధ్యాహ్నం దాటితే గానీ దొరకదు. రేపు ఆ వేళకు వెళ్లాలి, కోడలు లేని టైం చూసుకుని.